నిప్పులేందే పొగరాదు గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా నిప్పులేందే పొగరాదు గారూ,

గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నా. మీరు మా ఇంట్లో ఎన్ని తరాలుగా ఉంటున్నారో తెలీదు గానీ ఒక్క నెల అద్దె కట్టిన పాపాన పోలేదు, పైగా పోయిన ఆదివారం మీరు చేసిన పెద్దరికం చూశాక ఇంక ఊరుకోబుద్ధి కాలేదు.

నేనేదో నాలుగే భాగాలు కదా అని హీ న్యూ హీ వాజ్ రైట్ పెట్టా, 1869లో పుస్తకంగా వచ్చిన ట్రాలోప్ అనే ఇంగ్లీషు రచయిత నవలని బీబీసీ వాళ్లు 2004లో టీవీ సీరియల్‌గా తీశారు. లండన్‌లో ట్రెవెల్యన్ అని బాగా డబ్బున్న కుర్రాడు, పెళ్లాం ఎమిలీ, ఓ చంటి పిల్లాడు. ఎమిలీ వాళ్ల నాన్న స్నేహితుడు కల్నల్ ఆస్‌బోర్న్ అని ఒక పెద్దాయన ఇంటికి వచ్చిపోతుంటాడు, ఇంక మన హీరోకి కడుపుమంట మొదలు.

మొదటి భాగం సగం కూడా అవలేదు, బాబాయి పాజ్ కొట్టి "ఆ ముసలాయనకి రోజూ అక్కడేం పనమ్మా?" అన్నారు. పిన్ని చిక్కుడుకాయ ఈనె లాగి పళ్లెంలో పడేసి "ఈ పిల్లైనా రావద్దని ఒక్క మాట చెప్పొచ్చుగా" అంది. పై పోర్షన్ ఆంటీ పెరుగు తోడు కోసం వచ్చి, గిన్నె చేత్తో పట్టుకునే రెండు నిమిషాలు చూసి, ఎవరెవరో కూడా అడక్కుండా మీ పేరు చెప్పేసింది. ముగ్గురూ తలూపారు. అయిపోయింది, ఎమిలీకి శిక్ష ఖరారు.

కల్నల్ సాధువని నేననను, బిల్ నై వేశాడు ఆ వేషం, ఆ నవ్వు చూస్తే ఒకటి పీకాలనిపించుద్ది. ఎమిలీకి కూడా మొండితనం లేకపోలేదు. కానీ ఆమె తప్పు చేయలేదండీ, దాచిపెట్టి చివర్లో చెప్పే ట్విస్టు కూడా కాదది, మొదట్నుంచీ మన కళ్ల ముందే ఉంది. మొగుడేమో ఆమెని పల్లెటూరికి పంపేసి, బోజిల్ అని పాత పోలీసోణ్ణి నిఘా పెట్టాడు, వాడికి డబ్బులు రావాలంటే ఈయన అనుమానం బతికుండాలిగా, కాబట్టి శుభ్రంగా మేపాడు. ఆఖరికి పిల్లాణ్ణి ఎత్తుకుపోయి ఇటలీలో కూర్చున్నాడీయన. ఇంత పొగలో ఊదుగొట్టం ఎవరి చేతిలో ఉందో మీకు కనపళ్లేదా?

ఇంగ్లండులో 1857 నాటి చట్టం ప్రకారం పెళ్లాం దారి తప్పిందని రుజువు చేస్తే చాలు మొగుడికి విడాకులొచ్చేవి, అదే ఆమెకి కావాలంటే మొగుడి తిరుగుడు ఒక్కటే సరిపోదు, దానికి తోడు హింసించాడనో వదిలేసి పోయాడనో ఇంకోటి చూపించాలి. మన దేశంలో క్రైస్తవులకి 1869లోనే పెట్టిన చట్టంలోనూ అదే లెక్క, 2001 దాకా మార్చలేదు. ఇది చెప్తే బాబాయి "అప్పట్లో పద్ధతులుండేవి" అన్నారు, ఏం మాట్లాడతాం.

అదే బాబాయి సత్యభామ అంటే పడిచస్తారు. మన బాపట్ల స్థానం నరసింహారావు గారు నాటకాల్లో చీరకట్టి సత్యభామగా అలిగితే జనం కళ్లప్పగించి చూశారని తాతయ్య చెప్పిన కబుర్లు ఇప్పటికీ చెప్తారు. మరి అక్కడ కృష్ణుడు పారిజాతం రుక్మిణికిచ్చింది నిజమేగా? నిప్పు భగభగా మండుతా ఎదురుగానే ఉంది, మీరు మాత్రం ఆ చుట్టుపక్కలకి రారు. ఆవిడ కుళ్లుకుంటే ముద్దొస్తుందంటారు, జడ చూడమంటారు, చప్పట్లు కొడతారు. "అయ్యా కృష్ణా, రోజూ అక్కడేం పని" అని అడిగినోడు ఒక్కడు లేడు.

అసలు మీరు మార్చి నెలలో మా మిర్చి యార్డుకి ఎప్పుడైనా వచ్చారా? లోపల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపుతుంటే బయట రోడ్డు మీద ఆటోలో కూర్చున్నోళ్లకి కూడా దగ్గు, తుమ్ములు, కళ్లమ్మట ధారలు. అగ్గిపుల్ల గీసినోడు లేడక్కడ. ఒక్కసారి రండి, ఆటో డబ్బులు నేనిస్తా.

ఇంకోటి చెప్పి ఆపేస్తా. మంగళవారం రాత్రి బాబాయి ఫోన్ మోగితే బాల్కనీలోకెళ్లి పావుగంట మాట్లాడొచ్చారు. పిన్ని అన్నం వడ్డిస్తా మామూలుగానే "ఎవరండీ?" అంది. "ప్రతిదానికీ అనుమానమేనా నీకు!" అని కంచం ముందు నుంచి లేచిపోయారు. పిన్ని గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. పై పోర్షన్ ఆంటీ ఆ టైముకి హాల్లోనే ఉంది, మళ్లీ తోడుకే వచ్చింది. మీరూ ఉండే ఉంటారు, నోరు మాత్రం మెదపలేదు.

ఇట్లు,
మీ ఇంటి ఓనరు గారి అమ్మాయి