మ.రా.రా.శ్రీ ఫ్యాన్ థియరీ గారి దివ్య సముఖమునకు

అయ్యా,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. కథలో రాయని సంగతుల్ని అభిమానులు ఊహించి అల్లే వాదన కదా తమరు, మీ క్షేమం అడగక్కర్లేదు. ట్వైలైట్ నవలలు అయిపోయాయి, సినిమాలు అయిపోయాయి, వాటిలో నటించిన పిల్లలు నలభైకి దగ్గరపడ్డారు. మీరు మాత్రం అందులోని రక్తపిశాచి ఎడ్వర్డ్ కలెన్ లాగా పదిహేడేళ్ల దగ్గరే ఆగిపోయి నిగనిగలాడుతున్నారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా నాకు దక్కాల్సిన నిద్రను మీరు భోంచేశారు. ఆ లెక్క తేల్చుకుందామనే ఈ ఉత్తరం.

ముద్దపప్పు, ఆవకాయ తిని, చాప వేసుకుని, ఫ్యాను మూడులో పెట్టుకున్నాను. మా అక్క కూతురు ఫోను పట్టుకుని వచ్చి తల దగ్గర కూర్చుంది. ఇంటర్ సెకండియర్. దానికి ట్వైలైట్ పిచ్చి అంటించింది నేనే, ఒప్పుకుంటున్నాను. బెల్లా అనే మామూలు పిల్ల, ఆమె ప్రేమించిన ఎడ్వర్డ్, ఆమెను ప్రేమించిన, తోడేలుగా మారే కుర్రాడు జేకబ్, ఇదీ కథ. నేను జేకబ్ పక్షం.

"పిన్నీ, నీ జేకబ్ ఉన్నాడే, వాడు బెల్లాను అసలు ప్రేమించనే లేదంట."

అంట! ఎవరన్నారంట?

మీరే అన్నారంట.

తమరి వాదన నలభై ఏడు నిమిషాల వీడియోగా వచ్చింది. ఎర్ర బాణాలు, గుండ్రాలు, వెనకాల ఏదో హోరు. సారాంశం ఏమిటంటే, నాలుగో నవలలో బెల్లాకు పుట్టబోయే పిల్ల వైపే ఏదో శక్తి జేకబ్‌ను రెండో నవల నుంచీ లాగుతోందట. వాడికి బెల్లా గమ్యం కాదట, దారిలో తగిలిన బస్టాండట.

నేను లేచాను. అటక ఎక్కాను. ట్రంకు పెట్టె దించాను. అందులోంచి నా పాత కాపీలు తీసి, ముప్పై ఏడేళ్ల వయసులో, కళ్లజోడు పెట్టుకుని, ఇంటర్ పిల్ల ముందు జేకబ్ బ్లాక్ తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. చెప్పుకుంటే సిగ్గుచేటు. అయినా చెబుతున్నాను.

మొదటి సాక్ష్యం, మోటార్ సైకిళ్లు. రెండో నవల న్యూ మూన్‌లో ఎడ్వర్డ్ వదిలేసి పోయాక బెల్లా మనిషి కాదు. పాత ఇనుముకు వేయాల్సిన రెండు బండ్లు పట్టుకొచ్చి బాగుచేసి పెట్టమంటుంది. వాడు షెడ్డులో కూర్చుని, చేతులకు గ్రీజు పూసుకుని, బండ్లతో పాటు ఆ పిల్లను కూడా తిరిగి నడిచేట్టు చేస్తాడు. మెకానిక్ షెడ్డులో పుట్టిన ప్రేమ అది. మా కాలేజీ గేటు ఎదుట పంక్చర్ షాపు కుర్రాణ్ని మేమందరం ఆరు నెలలు గౌరవంగా చూశాం ఆ అధ్యాయం వల్లే.

"అదే కదా క్లూ పిన్నీ. పిల్ల పుట్టాలంటే తల్లి బతికుండాలి కదా."

రెండో సాక్ష్యం, మూడో నవల ఎక్లిప్స్‌లో గుడారం రాత్రి. బయట మంచు తుఫాను, లోపల బెల్లా వణికిపోతోంది. ప్రియుడు పక్కనే ఉన్నాడు గానీ ఐసుగడ్డ, ముట్టుకుంటే ఇంకా చలి. ప్రత్యర్థి వచ్చి వెచ్చగా పక్కన పడుకుంటాడు, ఎడ్వర్డ్ పళ్లు కొరుక్కుంటూ కూర్చుంటాడు. ఇంతకంటే ఏం కావాలి?

"అది కూడా క్లూనే."

బెల్లా పెళ్లి శుభలేఖ అందగానే తోడేలై అడవుల్లోకి పారిపోయాడు కదే, ప్రేమ లేకపోతే ఎందుకు పారిపోతాడు?

"పిల్ల ఇంకా పుట్టలేదుగా, అందుకే పోగలిగాడు."

ఇదిగో, ఇక్కడ నాకు ఒళ్లు మండింది. ఎవడైనా వాదనకు వస్తే వాడు ఓడే దారి ఒకటైనా ఉండాలి. మీకు లేదు. వాడు ఉంటే ఋజువు, పోతే ఋజువు, నవ్వితే ఋజువు, ఏడిస్తే మరీ పెద్ద ఋజువు. మా వీధి చివరి జ్యోతిష్కుడు నయం, పెళ్లి కాకపోతే కనీసం శని మీదకు తోస్తాడు.

ఇక మర్యాదలు చాలించి నువ్వనే పిలుస్తాను, ఏమీ అనుకోకు.

నువ్వు చెప్పింది పూర్తిగా అబద్ధమని కూడా అనలేను, అదే నా ఏడుపు. నాలుగో నవల బ్రేకింగ్ డాన్ రాసేటప్పుడు రచయిత్రి స్టెఫనీ మేయర్ స్వయంగా నీకు తలుపు తీసి పెట్టింది. పుట్టిన పిల్లను చూడగానే జేకబ్‌కు 'ఇంప్రింట్' అయిపోయిందట, ఇక జన్మంతా ఆ పిల్లకే అంకితమట. 2008 ఆగస్టు 2న, అర్ధరాత్రి బెనిఫిట్ షోలాగా దుకాణాలు తెరిచి అమ్మిన పుస్తకం అది. అమెరికాలో మొదటి రోజే 13 లక్షల కాపీలు పోయాయి. మా చేతికి వచ్చేసరికి నెల దాటింది. ఆ పేజీ దగ్గర మా హాస్టల్లో ఒక అమ్మాయి పుస్తకాన్ని గోడకేసి కొట్టింది. ఉయ్యాలలోని పిల్లకు ఈడొచ్చిన కుర్రాణ్ని రాసిపెట్టడం ఏం ముచ్చట అని మెస్సులో రసం చల్లారేదాకా తిట్టుకున్నాం. టీం జేకబ్‌కు అది ఓటమి కూడా కాదు. ఓడితే మర్యాదగా ఓడినట్టుండేది. మా వాడి నోట్లో పాలసీసా పెట్టి కూర్చోబెట్టారు.

ఆ గాయం పదిహేనేళ్లకు పైగా పట్టి మానింది. చివరి నవలను నేను లెక్కలోంచి తీసేశాను. నా దృష్టిలో జేకబ్ ఇంకా ఆ షెడ్డులోనే ఉన్నాడు, బోల్టులు బిగిస్తూ. ఆదివారం నువ్వు ఆ షెడ్డుక్కూడా తాళం వేశావు. చివరి నవల తెచ్చిన దరిద్రాన్ని వెనక్కి ఈడ్చుకొచ్చి రెండో నవలకు పూశావు. ఒక అబ్బాయి ఒక అమ్మాయిని ఊరికే, ఏ కారణమూ లేకుండా ప్రేమించాడంటే నీకొచ్చే నష్టం ఏమిటి? ప్రతి ప్రేమకూ వెనకాల ఒక జీవో ఉండాలా?

ఈ గొడవకు మా అమ్మ లేచి వచ్చింది. కథంతా విని, "ఎడ్వర్డ్ అంటే ఎలా ఉంటాడే?" అంది. పొడగరి, తెల్లటివాడు, డబ్బున్నవాడు, వెండి రంగు వోల్వో కారు, తక్కువ మాట్లాడతాడు, అమ్మాయి ఎక్కడ ఆపదలో పడితే అక్కడ తేలతాడు అని చెప్పాం.

"మన రాజశేఖరమే కదా. వీడు రక్తం తాగుతాడు, అంతేగా తేడా."

యద్దనపూడి 'సెక్రటరీ' చదివిన తరానికి ఎడ్వర్డ్‌ను కొత్తగా పరిచయం చేయడం దండగ అని అప్పుడు తెలిసింది. ఇంప్రింట్ సంగతి చెబితే మరీ తేలిగ్గా తీసుకుంది. "పుట్టగానే ఖాయం చేసుకున్నారా? మన ఊళ్లో మేనత్తలు ఉయ్యాల ఊపుతూ నా కోడలే అనేవాళ్లు. నన్నూ అలాగే అన్నారు." ఆ తర్వాత ఎవరం ఏం మాట్లాడలేదు కాసేపు. అక్క కూతురు ఫోన్ బోర్లా పెట్టింది.

అమ్మ వాళ్ల కాలంలోనూ నువ్వున్నావు. వారపత్రికలో సీరియల్ కాగితాలు చింపి, దారంతో కుట్టి, బైండు చేయించుకున్న మనుషులు వాళ్లు. 'సశేషం' అన్న మాట పడిందంటే వారమంతా బావిగట్టు మీద, రేషన్ క్యూలో నువ్వే. కానీ వారం తిరిగి కొత్త సంచిక రాగానే బుద్ధిగా చచ్చిపోయేదానివి. అది పద్ధతి. ఇప్పుడు కథ ముగిసినా చావవు, రచయిత్రి కాదు మొర్రో అన్నా చావవు. రక్తపిశాచుల కథలు చదివీ చదివీ నీకే కోరలు మొలిచాయి.

నిజానికి నిన్ను నేను ఇంకా ముందే చూశాను, చందమామలో. 1870లో రిచర్డ్ బర్టన్ అనే దొర మన బేతాళ కథల్ని ఇంగ్లీషులోకి తీసుకుపోతూ బేతాళుణ్ని 'వాంపైర్' అన్నాడు. పిశాచాల జాతుల్లో తేడా తెలియక అలా అన్నాడనుకునేదాన్ని. ఆదివారం నుంచీ ఆయన మీద గౌరవం పెరిగింది. భుజాన ఎక్కుతావు. బరువు తెలియకుండా కథ చెబుతావు. సరిగ్గా ముడి దగ్గర ఆపి ప్రశ్న వేస్తావు. తెలిసీ చెప్పకపోతే తల వేయి చెక్కలు. నోరు తెరిచి చెప్పామా, శవంతో సహా మళ్లీ చెట్టెక్కుతావు. విక్రమార్కుడి వెంట కనీసం అక్క కూతురు లేదు.

మిగతా బాకీలు గబగబా చెప్పేస్తాను. బ్రేకింగ్ డాన్ అట్ట మీద ముందు తెల్ల రాణి, వెనక ఎర్ర బంటు ఉంటే, బంటంటే జేకబే, రాణి కోసం బలైపోతాడు అని మమ్మల్ని మూడు రాత్రులు ఏడిపించావు. చివరికి రెండూ బెల్లానేనని మేయరే చెప్పింది, బంటులా మొదలై రాణిలా తేలిందట. ఎడ్వర్డ్ వైపు నుంచి రాస్తున్న మిడ్‌నైట్ సన్ చిత్తుప్రతి 2008లో బయటికి పొక్కితే, ఆవిడ మనసు విరిగి పక్కన పెట్టేసింది. అప్పటికి పన్నెండు అధ్యాయాలు. 2020 ఆగస్టులో మొత్తం పుస్తకం వచ్చేదాకా పన్నెండేళ్లు ఆ పన్నెండు అధ్యాయాలనే నెమరు వేశావు. వచ్చాక చూస్తే అదే క్యాంటీను, అదే క్లాసు, అతను కాస్త ఎక్కువ ఆలోచిస్తాడు. 1918లో ఫ్లూతో పోవాల్సిన మనిషి ఇంకా ఇంటర్ ఎందుకు చదువుతున్నాడో మాత్రం నీ దగ్గర పదకొండు సమాధానాలున్నాయి, లాంగ్ టర్మ్ కోచింగ్ అన్న పన్నెండోది నేను ఉచితంగా ఇస్తున్నాను. ఆఖరి యుద్ధంలో ఎవరెవరు పోతారో పట్టిక వేయించావు. రక్తపిశాచుల పెద్దలు వోల్టురీలు మంచులో నడిచొచ్చి, పంచాయతీ పెట్టి, మాట్లాడుకుని వెళ్లిపోయారు. కలెన్ల ఇంట్లో ఒక్కరికి గోరూడితే ఒట్టు. 2012లో సినిమావాళ్లు జాలిపడి మా పట్టికలోని చావులన్నీ తెర మీద చూపించారు, చూపించి, అబ్బే, అదంతా కలెన్ల ఇంట్లో జరగబోయేది ముందే కనబడే ఆలిస్ చూసిన భవిష్యత్తులే అని తుడిచేశారు.

ఈ మధ్య డ్రాగన్ల మీద పడ్డావని కూడా తెలుసు. రెబెకా యారోస్ 'ఆనిక్స్ స్టార్మ్' చివర్లో నాయికకు కొన్ని గంటల జ్ఞాపకం మాయమైతే, ఆ గంటల్లో ఏం జరిగిందో మా అక్క కూతురు నిమిషాల వారీగా చెబుతుంది. ఫిజిక్స్ రికార్డు ఏమైందో చెప్పలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆరు గంటలకు నేను అలిసిపోయి టీ పెట్టడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అక్క కూతురు నా పాత న్యూ మూన్ తిరగేస్తోంది. "పిన్నీ, ఇదెవరు రాశారు?"

ఆ కాపీ కథ వేరు. అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల సంతలో 90 రూపాయలకు కొన్నది, దొంగ ముద్రణ. నలుగురం వంతులేసుకుని చదువుతున్నాం. ఎడ్వర్డ్ అడవిలో వదిలేసి వెళ్లిపోయాడు. ఏమైందో అని పేజీ తిప్పితే 'అక్టోబర్' అని ఒక్క మాట, కిందంతా తెలుపు. తర్వాత 'నవంబర్', తెలుపు. డిసెంబర్, జనవరి, అన్నీ తెలుపే. ఇంకు మిగుల్చుకోవడానికి దొంగ వెధవలు నాలుగు నెలలు మింగేశారని మేం తీర్మానించుకున్నాం. మళ్లీ ఆదివారం బస్సెక్కి వెళ్లి ఆ ఫుట్‌పాత్ ఆయనతో కొట్లాట. పాపం ఆయన ఇంకో కాపీ తీశాడు, తెలుపు. ఇంకోటి తీశాడు, తెలుపు. "ప్రెస్సులోనే పోయిందమ్మా" అని తల గోక్కుని 20 రూపాయలు వెనక్కిచ్చాడు.

అది రచయిత్రి కావాలని అలా వదిలేసిందని, అతను లేని నాలుగు నెలలు ఆ పిల్లకు అంతే కనుక రాయడానికేం లేదని, మాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు. ఈలోగా ఆ తెల్ల కాగితాలు మాకు దొరికాయి. రోజూ రాత్రి కరెంటు పోయాక కొవ్వొత్తి పెట్టుకుని, పోయిన నెలల్లో ఏం జరిగి ఉంటుందో పెన్సిల్‌తో రాసేవాళ్లం. అక్టోబర్ కడప అమ్మాయిది, అందులో ఎడ్వర్డ్‌కు ఇంట్లోవాళ్లు సంబంధం చూస్తారు. నవంబర్ శ్రీకాకుళం అమ్మాయిది, జేకబ్ బండి మీద బెల్లాను సముద్రానికి తీసుకెళ్తాడు, దారిలో మొక్కజొన్న పొత్తు కూడా ఉంది. డిసెంబర్ నాది, చెప్పను. జనవరి నాటికి సెమిస్టర్ పరీక్షలు వచ్చాయి.

ఒక్కటీ నిజం కాలేదు. అవన్నీ నువ్వే కదూ?

అక్క కూతురు నవంబర్ రెండుసార్లు చదివింది. మొక్కజొన్న పొత్తు దగ్గర నవ్వింది. క్లూ అనలేదు. ఆ పుస్తకం ఇంటికి పట్టుకుపోతానంది, సరేనన్నాను. వెళ్తూ వెళ్తూ నా టేబుల్ మీది పెన్సిల్ కూడా తీసుకుంది.

ఇట్లు,
జేకబ్ బ్లాక్ తరఫు వకీలు

తా.క. ఆ 20 రూపాయలు మేం అన్యాయంగా తీసుకున్నాం. కిందటి నెల అబిడ్స్ వెళ్లినప్పుడు వెతికాను, ఆ చోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన ఎటు పోయి ఉంటాడో నీకేమైనా తెలిస్తే, నలభై ఏడు నిమిషాలైనా సరే, వింటాను.