గింజ నాటితే చెట్టేదిరా?

నిన్న ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ మళ్లీ అదే గొడవ, వీడియో గేమ్‌లు తయారుచేసే పీటర్ మోలిన్యూ గొప్ప విజనరీ రా ఆయన్ని ఏమీ అనకూడదంటాడు మావోడు. ఏటనకూడదు? ఆయన ఫేబుల్ గేమ్‌లో ఓక్ గింజ నాటితే కళ్లముందే చెట్టవుద్దని ఊరించారు, 2004లో గేమొచ్చాక చూస్తే అది లేనే లేదు, తర్వాత ఆయనే సారీ చెప్పాడు. గేమ్ మంచిదే, నాకూ ఇష్టమే, అది వేరే సంగతి.

కానీ ఆయన తర్వాత మొదలెట్టిన గోడస్ గేమ్? 2012లో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో జనం దగ్గర 5 లక్షల పౌండ్ల పైనే తీసుకున్నారు, అందరూ కలిసి ఓ క్యూబ్ పగలగొట్టే ఆయన ఇంకో గేమ్ క్యూరియాసిటీలో ఆఖరి ముక్క పగలగొట్టిన కుర్రాడికేమో గోడస్‌కి దేవుడివి నువ్వే, ఆదాయంలో వాటా కూడా అన్నారు, 2015 వచ్చినా ఆ పిల్లోడికి పైసా రాలేదు. కల కనడం వేరు, మాటివ్వడం వేరురా బాబూ! ఆ కుర్రాడు గుర్తొస్తే కడుపు మండిపోద్ది నాకు.