చెవి డాక్టరుకు కరోనాతో పనేమిటని అడిగేవారికి

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయి మొన్న వాట్సాప్‌లో ఒక సందేశం పంపారు. కొత్తదేమీ కాదు, ఏళ్లుగా తిరుగుతున్నదే. అందులోని మాటలు ఇవి: "కరోనా ఊపిరితిత్తుల జబ్బు. ఈఎన్‌టీ డాక్టర్లకు దానితో ఏం ముప్పు? చెవి ఆపరేషన్లు వాయిదా వేయడం నాటకం. పీపీఈ కిట్లు డబ్బు కోసం వేసిన వేషం, మామూలు మాస్కు చాలు. రోజూ క్రిముల మధ్య తిరిగేవారికి ఏమీ కాదు. వారికి అంటుకున్నది బ్లాక్ ఫంగస్." కరోనా ఉన్న ఆ రెండేళ్లూ ఇక్కడే ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) సర్జన్‌గా పనిచేసినవాణ్ని కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఊపిరితిత్తుల జబ్బే అయితే పరీక్షకు పుల్ల ముక్కులో ఎందుకు పెట్టారు? 2020 ఆరంభంలో చైనా వైద్యులు కొలిచి చూస్తే గొంతులో కంటే ముక్కులోనే వైరస్ ఎక్కువగా కనబడింది. వారు చూసినవారిలో ఏ లక్షణమూ లేని ఒకరి ముక్కులోనూ దాదాపు అంతే ఉంది. మేము జానెడు దూరంలో ముఖం పెట్టి చూసేది సరిగ్గా అక్కడే. ఎండోస్కోపు లోపలికి పోగానే రోగి తుమ్ముతాడు, పాపం అతని చేతిలో ఏముంది?

మరి చెవి సంగతి? మధ్య చెవి నుంచి ముక్కు వెనక భాగానికి సన్నని గొట్టం ఉంది. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేసేది దానివల్లే. చీము పట్టిన చెవికి ఆపరేషన్ అంటే చెవి వెనక మాస్టాయిడ్ ఎముకను నిమిషానికి పదుల వేల చుట్లు తిరిగే డ్రిల్లుతో అరగదీయడం. ఎముక వేడెక్కకుండా నీళ్లు పోస్తూనే ఉండాలి. ఆ నీరు, ఎముక పొడి, రక్తం సన్నని తుంపరగా లేచి సర్జన్ ముఖం మీదికే వస్తాయి. కోవిడ్‌తో చనిపోయిన ముగ్గురి చెవులను 2020లో అమెరికాలో పరిశీలిస్తే ఇద్దరిలో వైరస్ దొరికింది. ముగ్గురే కదా అంటారేమో, నిజమే. కానీ ఆరు నెలలు ఆగినా నష్టం లేని చెవికి అప్పుడే డ్రిల్లు పెట్టి ఆ సందేహం తీర్చుకోవాలా? మెదడు వైపు చీము పాకుతున్న చెవులను మాత్రం మేము వాయిదా వేయలేదు.

మామూలు సర్జికల్ మాస్కు డాక్టరు తుంపర రోగి గాయంలో పడకుండా ఆపడానికి పుట్టింది. అంచుల వెంట గాలి చొరబడుతుంది. ఎన్95 ముఖానికి అంటుకుని కూర్చుంటేనే పనిచేస్తుంది, అందుకే మాలో కొందరు ఏళ్ల నాటి గడ్డాలు తీసేశారు. రోహిణి కార్తె ఎండల్లో, ఏసీ ఆపిన ఆపరేషన్ థియేటర్లో ఆ పీపీఈ సూటు తొడుక్కుని, ఆవిరి పట్టిన గాగుల్స్‌తో మైక్రోస్కోపులోకి చూడటం వేషమే అయితే అంత కష్టమైన వేషం ఇంకొకటి లేదు. రోగుల బిల్లుల్లో కిట్ల పేరుతో కొన్నిచోట్ల వేసిన లెక్కలను మాత్రం నేను సమర్థించను.

మా డాక్టర్ల వైపు భయం కూడా కొంత శ్రుతి మించింది. వెంటిలేటర్ గొట్టం వేయడం కంటే మామూలు దగ్గే ఎక్కువ తుంపర చిమ్ముతుందని తర్వాతి కొలతల్లో తేలింది. అంటే థియేటర్ కంటే ఓపీ గదిలోని కుర్చీయే ప్రమాదం కావచ్చు.

డాక్టర్లకు ఏమీ కాదా? వుహాన్‌లో 2020 జనవరిలోనే కోవిడ్‌తో చనిపోయిన లియాంగ్ వూడాంగ్ ఈఎన్‌టీ వైద్యుడు. అదే ఏడాది మార్చిలో బ్రిటన్‌లో కన్నుమూసిన అమ్జెద్ ఎల్ హవ్రానీ కూడా ఈఎన్‌టీ సర్జనే, వయసు 55.

ఇక బ్లాక్ ఫంగస్ మనిషి నుంచి మనిషికి అంటదు. దాని బీజాలు మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉంటాయి. అదుపు తప్పిన చక్కెర వ్యాధికి స్టెరాయిడ్లు తోడైనప్పుడు లోపల పాతుకుంటుంది. 2021 వేసవిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో ముక్కు, సైనసుల నుంచి కుళ్లిన భాగాలను తొలగించిన సర్జన్లకు ముప్పు ఫంగస్ కాదు, ఆ ముక్కులో ఇంకా మిగిలి ఉండగల కరోనా.

ఇదంతా రాసి బాబాయికి పంపాను. "సరేలేరా, నా చెవిలో గులిమి తీయాలి, ఎప్పుడు రమ్మంటావు?" అని జవాబిచ్చారు.