ఓటీటీ వచ్చిందని హాళ్లు మూతపడ్డాయా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: “ఓటీటీ దెబ్బకే మన హాళ్లు మూతపడ్డాయి. ఇంట్లో 4కే టీవీ హాలు తెరకన్నా మేలు. నాలుగు వారాలు ఆగితే సినిమా ఇంటికే వస్తుంది, ఇక హాలెందుకు?”

మొదటి మాట పచ్చి తప్పు. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశంలో అడుగుపెట్టింది 2016లో. సింగిల్ స్క్రీన్లు కల్యాణ మండపాలైపోవడం అంతకు చాలా ముందే మొదలైంది. 800 సీట్ల హాల్లో సెకండ్ షోకి 60 మంది కూర్చున్నా కరెంటు, జీతాలు, సినిమాను డిజిటల్‌గా అందించే కంపెనీ చార్జీ తగ్గవు. 2025 మేలో ఆంధ్ర, తెలంగాణ ఎగ్జిబిటర్లు (హాళ్లు నడిపేవాళ్లు) జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామన్నదీ ప్రధానంగా అద్దె బదులు వసూళ్లలో పర్సంటేజీ కోసమే.

4కే సంగతి. హాలుకొచ్చే డిజిటల్ ప్రింటు సెకనుకు 250 మెగాబిట్ల డేటా దాకా ఉంటుంది. ఓటీటీ 4కే సుమారు 15. ఆ 15 లెక్కనే రెండున్నర గంటల సినిమాకు దాదాపు 17 జీబీ కావాలి. రోజుకు 2 జీబీ ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెడితే 18 నిమిషాల్లో ఖాళీ. అయితే మసక తెర చూపించే హాలును వెనకేసుకు రాలేం. తెర మధ్యలో 14 ఫుట్-లాంబర్ట్ (తెర వెలుగును కొలిచే లెక్క) వెలుగుండాలి. ప్రొజెక్టర్‌లోని జెనాన్ ల్యాంపు పాతబడేకొద్దీ వెలుగు పడిపోతుంది, కరెంటు కాస్త పెంచుతూ పోవాలి. పెంచడానికి ఇంకేం లేనప్పుడు మార్చాల్సిందే. ల్యాంపుకు చెప్పిన గంటలు దాటినా లాగితే ల్యాంపు పేలి రిఫ్లెక్టర్‌నీ తీసుకుపోతుంది. చాలాచోట్ల అసలు దోషి ఇంకా చవక: ప్రొజెక్టర్ గది అద్దం మీద పేరుకున్న దుమ్ము.

నాలుగు వారాల మాటలో మాత్రం సగం నిజముంది. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి మరీ ఎనిమిది వారాలయ్యాకే ఓటీటీ అన్నారు, నిలబడలేదు. కానీ పెద్ద సినిమా ఈ ఊళ్లలో వసూలు చేసేది చాలావరకు మొదటి పది రోజుల్లోనే. 28వ రోజు ఓటీటీకి వెళ్తే హాలుకు పోయేది తక్కువ. దెబ్బ తగిలేది నోటి మాట మీద నడిచే చిన్న సినిమాకి. దానికి రోజూ నాలుగాటలు ఖాళీగా తిప్పేకన్నా ఫస్ట్ షో ఒక్కటిచ్చి రెండు వారాలు ఉంచాలి. అందుకు డిస్ట్రిబ్యూటర్‌తో ముందే మాట్లాడి, సినిమా ఫైలు తాళం తీసే డిజిటల్ కీ రెండు వారాలకు తీయించుకోవాలి. కీ హాల్లో సినిమా ఆడించే ఆ ఒక్క సర్వర్‌కే, ఆ తేదీల వరకే పనిచేస్తుంది. వారానికే తీస్తే గడువు దాటాక జనం గేటు దగ్గరున్నా సినిమా తెరుచుకోదు.