ఎ-స్కాన్ పుల్ల గారికి ఒక దర్జీ విన్నపం

మహారాజశ్రీ ఎ-స్కాన్ పుల్ల గారి దివ్య సముఖానికి,

పర్లాకిమిడి నుంచి ఒక దర్జీ నమస్కరించి రాసుకునేది. శుక్లం తీసి కంట్లో పెట్టే లెన్సు పవరు తేల్చడానికి కంటి పొడవును శబ్ద తరంగాలతో కొలిచేది తమరే కదా, నిన్న మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. టోకెనుకు గంట, ఒడియా ఫారంలో నా పేరు సరిచేయించడానికి మరో అరగంట పోయాయి, పోనివ్వండి. గురువారమే ఆపరేషన్ అన్న మాట ఏమైంది?

చుక్కల మందు వేశారు. "మౌసా, కదలకండి" అంది ఆ అమ్మాయి. కదల్లేదు. తమరు వచ్చి నల్లగుడ్డు మీద ఆనారు. కంటి పొడవు 22.6 మిల్లీమీటర్లు అన్నారు. రెండోసారి 23.4. మూడోసారి 23.0. కన్ను ఒకటే, కుడిది. మధ్యలో దాన్ని సాగదీయించుకుని రావడానికి నేను ఎక్కడికీ వెళ్ళలేదు.

నలభై ఏళ్ళు టేపు పట్టినవాణ్ణి. టేపు బిగిస్తే ఛాతీ కొలత తగ్గుతుందని మా కొట్టులో కాజాలు కుట్టే కుర్రాడికీ తెలుసు. తమరు నొక్కితే కన్నూ అంతే, పొట్టిదైపోతుంది. ఒక్క మిల్లీమీటరు తప్పితే లెన్సు పవరు దాదాపు రెండున్నర మారుతుందట. తమరి మొదటి లెక్క నమ్మి ఉంటే సూది కనిపించేది, పాతపట్నం బస్సు బోర్డు కనిపించేది కాదు. చంకలో పట్టేసిన రవికను విప్పి మళ్ళీ కుడతాను. కన్ను విప్పి కుట్టేదెవరు?

పైగా "సగటు వేసేద్దాం" అన్నాడు పక్కనున్నతను. సగటా! పెళ్ళికూతురికీ వాళ్ళమ్మకీ సగటు వేసి ఒకే రవిక కుట్టమంటావా నన్ను? డాక్టరమ్మ ఒప్పుకోలేదు కాబట్టి బతికాను. 1949లో లండన్‌లో కంటి డాక్టరు రిడ్లే దొర తొలిసారి కంట్లో లెన్సు పెట్టినప్పుడు పవరు బాగా తప్పింది. అప్పటికి, పుల్లా, నువ్వు పుట్టలేదు, ఆయన్ను క్షమించాను. నీకేం రోగం?

తాకకుండా వెలుతురుతో కొలిచే యంత్రం 1999 నుంచీ ఉంది. కానీ నా శుక్లం బాగా ముదిరింది, దానిలోంచి ఆ వెలుతురు దూరదన్నారు. అది నా తప్పే. పెళ్ళిళ్ళ సీజను అయ్యాక చూద్దామని మూడేళ్ళు లాగాను. ఇక నువ్వే దిక్కు. కంటి మీద చిన్న గిన్నె పెట్టి, నీళ్ళు నింపి, గుడ్డుకు తగలకుండా నీతోనే కొలుస్తారట. ఆ పద్ధతి నిన్న ఎవరికీ ఎందుకు గుర్తు రాలేదో!

సోమవారం వస్తాను. నీళ్ళలోనే ఉండు, నన్ను ముట్టుకోకు. అప్పటిదాకా సూదిలో దారం మా మనవరాలు ఎక్కిస్తోంది, సూదికొక చాక్లెట్టు చొప్పున. నిన్నటికి పదకొండు. నీ ఖాతాలోనే రాస్తున్నాను.

ఇట్లు,
కుడికన్ను తరఫున దర్జీ