విషయసూచిక టైపు చేసేది కాదు మహాప్రభో

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ఒళ్లు మండిపోతోంది. డీటీపీ, అంటే కంప్యూటర్లో పుస్తకాల పేజీలు కట్టే పని, చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్లు ఓపికుంటే చదవండి.

ఒక వ్యాస సంకలనం, రేపు ప్రెస్సుకి వెళ్లాలి. సంపాదకుడు రిటైరైన మాస్టారు, పెద్దమనిషే, కాదనను. పొద్దున విషయసూచిక ప్రింటు మీద ఎర్ర పెన్నుతో దిద్ది, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. కొన్ని వ్యాసాల పేర్లే మార్చేశారు. లోపల పేజీల్లో కూడా మార్చాలి కదా మాస్టారూ అంటే, "లోపల ఎందుకమ్మా, అక్కడ బాగానే ఉంది, సూచికలో మార్చు చాలు" అన్నారు. అంటే సూచికలో ఒక పేరు, వ్యాసం నెత్తిన ఇంకో పేరు! కొనుక్కున్నవాడు వెతుక్కుంటూ చావాలి. ఇదే మర్యాదగా చెబితే, నాలుగు లైన్లు టైపు చేయడానికి ఇంత రాద్ధాంతమా అని నన్నే అడిగారు.

టైపు! ఆ రెండు పేజీల్లో నేను టైపు చేసిన అక్షరం ఒక్కటి లేదండీ. విభాగం పేరుకి ఒక పారాగ్రాఫ్ స్టైల్ (ఫాంటు, సైజు లాంటివన్నీ కలిపి పేరు పెట్టి దాచుకున్న సెట్టింగు), వ్యాసం పేరుకి ఒకటి, రచయిత పేరుకి ఒకటి, మొదట ఏ పత్రికలో ఏ ఏడాది వచ్చిందో చెప్పే చిన్న లైనుకి ఇంకొకటి. పుస్తకమంతా ఇవి తు.చ. తప్పకుండా వేస్తేనే, మేం పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ వాటిని ఏరుకొచ్చి పేజీ నంబర్లతో సహా సూచిక కడుతుంది. ఒక్క వ్యాసం పేరు స్టైల్ వేయకుండా చేత్తో బోల్డు చేసి వదిలేశారా, ఆ వ్యాసం సూచికలో ఉండదు. పేరు అందంగా రెండు లైన్లలో విరగాలని షిఫ్ట్ ఎంటర్ కొట్టారా, ఆ విరుపు పట్టుకొచ్చి సూచికలో కూడా పెడుతుంది.

ఇక మాస్టారికి వ్యాసం, రచయిత, పేజీ నంబరు మూడూ ఒకే వరసలో కావాలి, మధ్యలో చుక్కలు. సాఫ్ట్‌వేరేమో ఒక్కో స్టైల్‌కి ఒక్కో పేరా విడిగా ఇస్తుంది. అందుకని వ్యాసం పేరుకి నంబరు తీసేసి, రచయిత పేరుకి పెట్టి, సూచిక తయారయ్యాక ఫైండ్ చేంజ్‌లో గ్రెప్ (ఒక నమూనా ఇచ్చి వెతికి మార్చే సూత్రం) రాసి ఆ రెండు పేరాలూ కలపాలి. తర్వాత ఎవరో ఒక పేజీ కదిలిస్తారు. సూచికని మళ్లీ కట్టే అప్‌డేట్ టేబుల్ ఆఫ్ కంటెంట్స్ నొక్కగానే నేను కలిపిందీ, సర్దిందీ మొత్తం గాలికి పోయి మళ్లీ మొదటికొస్తుంది. ఒకే పేజీలో వ్యాసం పేరూ రచయిత పేరూ విడి పెట్టెల్లో ఉంటే, ఒక్కోసారి వరస కూడా తారుమారు. ఇదండీ నాలుగు లైన్ల టైపు.

పైగా అను ఫాంట్లు, సొంత కోడుతో నడిచే పాతకాలం తెలుగు ఫాంట్లు! ఎక్కడైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లో చేద్దాం, ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెడితే ఒత్తులు చక్కగా కూర్చుంటాయి అంటే వినరు. "మా కళ్లకి అదే అలవాటమ్మా." సరే అని అందులోనే చేశాక, పీడీఎఫ్‌లో పక్కన వచ్చే బుక్‌మార్కులు చూసి ఇదేం చైనా భాష అంటారు. అది అను కోడు సార్, ఫాంటు తీసేస్తే మిగిలేది ఆ చెత్తే.

పాత ఆపరేటర్ల సంగతి ఇంకో తలనొప్పి. ఇన్‌డిజైన్‌కి ముందు వాడిన పేజ్‌మేకర్లో కూడా ఈ సూచిక కట్టే సౌకర్యం ఉండేది, పేరా సెట్టింగుల్లో ఇంక్లూడ్ ఇన్ టేబుల్ ఆఫ్ కంటెంట్స్ అని ఒక టిక్కు. దాని ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ టిక్కు ముట్టుకోకుండా జీవితమంతా పేజీలు తిప్పుకుంటూ నంబర్లు చేత్తో కొట్టినవాళ్లే కదా ఈ మాస్టార్లకి "అరగంట పనండీ" అని నేర్పింది!

అసలు నంబర్లు కదిలేది ఎందుకో తెలుసా? ముందుమాటలు. మన పుస్తకాలకి ఒక ముందుమాట చాలదు కదా, ఒక విశ్రాంత ఆచార్యులది, ఒక అధికారిది, ఒక స్నేహితుడిది, చివర్లో "నా మాట". అందరూ పుస్తకం పూర్తయ్యాకే పంపుతారు, ఒక్కరూ చెప్పిన నిడివిలో రాయరు. అందుకే అసలు పుస్తకం నంబర్లు కదలకుండా ముందు పేజీలకి రోమన్ అంకెలు విడిగా వేద్దామంటాను. "అలా వద్దమ్మా, మొత్తం పేజీలు ఎక్కువ కనబడాలి." ప్రెస్సులో అచ్చు లెక్క ఫారాల్లో, ఫారానికి పదహారు పేజీలు; ఆ ముందుమాటతో రెండు పేజీలు పొంగితే ప్రెస్సువాడు నా మీద అరుస్తాడు, ఆచార్యుల మీద కాదు.

అరిచాక అయినా గుర్తింపు ఉంటుందా? పుస్తకం వివరాలు ఉండే ఇంప్రింట్ పేజీ తీసి చూడండి. ముఖచిత్రం ఎవరో ఉంటుంది, ముద్రణ ఎవరో ఉంటుంది, ప్రతులకు ఎక్కడ సంప్రదించాలో ఫోన్ నంబరుతో సహా ఉంటుంది. పేజీ కట్టినవాళ్ల పేరు మాత్రం చాలాసార్లు ఉండదు. పోయినసారి ఒక కథల పుస్తకంలో నేనే వేసుకుంటే చివరి ప్రూఫులో కొట్టేశారు, లైను ఎక్కువైందట. అదే ఆవిష్కరణ సభలో తప్పొకటి కనబడగానే మైకులో "డీటీపీ వాళ్ల పొరపాటు" అన్నారు, అప్పుడు మాత్రం మేం గుర్తొచ్చాం. ఆ తప్పు వాళ్లు పంపిన ఫైల్లోనే ఉంది, ఇప్పటికీ నా దగ్గరుంది.

అందుకే చెప్తున్నా. ఇకమీదట మా షాపులో విషయసూచికకి పేజీ రేటు కాదు, విడి రేటు. ఫైనల్ అన్నాక వచ్చిన ప్రతి ముందుమాటకీ మళ్లీ డబ్బులు. ఇంప్రింట్‌లో నా పేరు ఉంటుంది, ప్రెస్సుకి ఫైలు పంపేది నేనే కాబట్టి. బేరమాడాలనుకునేవాళ్లు ఇన్‌బాక్స్‌కి రాకండి, పుస్తకాల పండగ దగ్గరికొచ్చింది, నాకు అసలే ఖాళీ లేదు.