మూడో కదలిక కింద తువ్వాలు

(తిరుపతిలో ఒక అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. ఆదివారం పొద్దున ఎనిమిది. హాల్లో సోఫా మీద వసంత. వయసు నలభై మూడు, కరాటేలో పసుపు బెల్టు. ఎడమ కాలికి క్రేప్ బ్యాండేజీ, కాలి కింద మూడు దిండ్లు. అందులో ఒకటి మురళిది. నాలుగు రోజులుగా ఆయన చెయ్యి మడిచి తలకింద పెట్టుకుని పడుకుంటున్నాడు, ఆ సంగతి రోజుకు రెండుసార్లు గుర్తు చేస్తున్నాడు. ప్రస్తుతం వంటింట్లో ఉన్నాడు. మాడు వాసన వస్తోంది.)

వసంత: (కూర్చునే గాల్లోకి గుద్దులు) ఇచి! ని! సాన్! షి!

మురళి: షి అంటే నాలుగు కదూ? ఇక్కడ మొదటి దోసే ఇంకా లేవలేదు.

వసంత: ఉల్లిపాయ ముక్కతో పెనం రుద్దారా?

మురళి: రుద్దాను. ఇప్పుడు ఉల్లిపాయ కూడా అంటుకుంది.

వసంత: మంట తగ్గించి నాలుగు నీళ్లు చల్లి... ఉండండి, లెక్క తప్పుతోంది. గో! రోకు! షిచి! హచి! క్యూ!

మురళి: (అట్లకాడతో గుమ్మంలోకి వచ్చి) క్యూ అంటే?

వసంత: తొమ్మిది.

మురళి: తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి క్యూ అంటే ఏంటో నువ్వు చెప్పాలా? క్యూ అంటే పద్దెనిమిది గంటలు, పాలు, ఉప్మా, చంటిపిల్లల ఏడుపు.

వసంత: జోకు బాగుంది. దోసె తిప్పండి.

మురళి: నాకు ఒక్కటి అర్థం కాదు వసంతా. దోసె పొయ్యడానికి పనికిరాని కాలు కరాటేకి ఎలా పనికొస్తుంది?

వసంత: దోసె నిలబడి పొయ్యాలి. గుద్దు కూర్చుని కూడా గుద్దొచ్చు. కాలు కదపకుండా చేతుల పని చేసుకోమని సెన్సే చెప్పారు. నేను సరే అన్నాను.

మురళి: సరే అనలేదు. ఫోన్లో నేను విన్నాను. "ఓస్" అన్నావు.

వసంత: అది మర్యాద. కరాటేలో గురువు ఏం చెప్పినా ఓస్ అనాలి.

మురళి: మర్యాదా! మా నాన్న ఏదైనా పని చెప్పినప్పుడు నేను ఒక్కసారి "ఓస్, ఇంతేనా" అన్నాను. ఆ చెంప దెబ్బ ఇప్పటికీ చలికాలంలో సలుపుతుంది.

(ఆయన లోపలికి వెళ్తాడు. గరిటె కింద పడిన చప్పుడు. తర్వాత మౌనం. ఆ మౌనమే ఎక్కువ భయపెట్టేది.)

వసంత: ఏమైంది?

మురళి: ఏం కాలేదు. పిండి కాస్త కిందికి వచ్చింది.

వసంత: కిందికి అంటే పొయ్యి మీదకా, నేల మీదకా?

మురళి: రెండింటి మీదకీ సమానంగా. నువ్వు నీ పని చూసుకో.

(వసంత కుడి కాలు ఊతగా పెట్టుకుని, కట్టు ఉన్న కాలి బొటనవేలితో గాల్లో ఏవో గీతలు గీస్తుంది. మురళి పళ్లెంలో దోసె అనబడే పదార్థం తెచ్చి ఆగిపోతాడు.)

మురళి: ఇదేంటి, కాలితో ముగ్గా?

వసంత: ఫిజియోథెరపీ. చీలమండ కదలకపోతే బిగుసుకుపోతుందట. బొటనవేలితో గాల్లో ఏ బీ సీ డీలు రాయమన్నారు.

మురళి: ఇది ఏ లాగా లేదే?

వసంత: నేను తెలుగు మీడియం. అ ఆ ఇ ఈ రాస్తున్నాను.

మురళి: ఇంగ్లీషయితే ఇరవై ఆరుతో అయిపోయేది కదే! తెలుగులో యాభై ఆరు!

వసంత: అందుకే నాకు త్వరగా తగ్గుతుంది. నిన్న "ఌ" దాకా బాగానే వచ్చింది. "ఱ" దగ్గర కలుక్కుమంది.

మురళి: బడిలో కూడా నేర్పడం మానేసిన అక్షరాల కోసం కాలు పోగొట్టుకుంటావా? వాటిని వదిలేసెయ్.

వసంత: పరీక్షకి వదిలేస్తే వదిలెయ్యొచ్చు. చీలమండకి వదలకూడదు. ఇది తిన్నాక ఐసు తెచ్చిపెట్టండి. పదిహేను నిమిషాలు, గుడ్డలో చుట్టి. మొన్నలా బఠానీల ప్యాకెట్ తేవద్దు.

మురళి: బఠానీల ప్యాకెట్ బానే పనిచేసింది.

వసంత: పనిచేసింది. ఆ తర్వాత దాన్నే కుర్మాలో వేశారు.

(ఈ విషయంలో మురళి దగ్గర సమాధానం లేదు. కాబట్టి అసలు గొడవకి వస్తాడు. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో నడుస్తున్నది ఒకటే గొడవ. మిగతావన్నీ దాని పిల్లలు.)

మురళి: అసలు ఈ కరాటే లేకపోతే ఈ కాలు బెణికేదా?

వసంత: అసలు ఆ తువ్వాలు లేకపోతే ఈ కాలు బెణికేదా?

మురళి: మళ్లీ తువ్వాలు! డాక్టరు దగ్గర కూడా అదే. ఆయన అడిగింది "ఎలా జరిగింది" అని. నువ్వు "తువ్వాలు" అన్నావు, నేను "కరాటే" అన్నాను. పాపం, ఆయన ఇద్దరినీ చూసి "కారణం ఏదైనా లిగమెంట్ ఒకటే" అని రాసిచ్చాడు.

వసంత: ఆయనకి పెళ్లయి చాలా ఏళ్లయి ఉంటుంది. సరే, వివరంగా చెప్తాను, వినండి. హెయాన్ షోదాన్. ఇరవై ఒక్క కదలికల కటా, అంటే వరస తప్పకుండా చేసే సాధన.

మురళి: తెలుసు. తెల్లారి అయిదింటికి నా మంచం చుట్టూనే చేస్తావు.

వసంత: మొదటిది, ఎడమవైపు తిరిగి కిందికి అడ్డుకోవడం. రెండోది, కుడి అడుగు ముందుకేసి గుద్దు. మూడోది?

మురళి: (అసంకల్పితంగా) ఎడమ కాలి మీద తిరిగి, కుడికాలు వెనక్కి తిప్పి, మళ్లీ కింద అడ్డు.

(ఇద్దరూ ఒక్క క్షణం ఆగుతారు. ఎలా తెలుసని ఆవిడ అడగదు. ఆయన చెప్పడు.)

వసంత: కదా. ఒంటి బరువంతా ఎడమ కాలి మీద. ఆ ఎడమ కాలి కింద ఏముంది?

మురళి: నేల.

వసంత: నేల మీద?

మురళి: ...టైల్స్.

వసంత: టైల్స్ మీద?

మురళి: చూడూ, తువ్వాలు కుర్చీ మీద వేశాను. అది జారితే నా తప్పా? గురుత్వాకర్షణ.

వసంత: స్నానం చేసి తడి తువ్వాలు బాల్కనీలో ఆరెయ్యకుండా కుర్చీ మీద వేస్తే జారక ఏం చేస్తుంది? తనంతట తానే మడత పెట్టుకుంటుందా?

మురళి: యుద్ధవిద్య నేర్చుకునేవాళ్లు నాలుగు దిక్కులూ చూసుకోవాలంటారు. దొంగ వస్తే గుర్తుపడతావు గానీ తువ్వాలు కనపడలేదా?

వసంత: వెనక్కి తిరిగే కదలిక అది! వీపుకి కళ్లుంటాయా? ఇంకో మాట. పడేటప్పుడు తల వెనక్కి వాల్చకూడదు, గడ్డం ఛాతీకి ఆనించాలి అని నేర్పారు. అందుకే కాలు మాత్రమే పోయింది. తల టీవీ స్టాండుకి తగలలేదు. కరాటే వల్ల పడ్డాను అంటున్నారు, కరాటే వల్లే బతికాను.

మురళి: ఈ వాదన నా నోటికి రాకుండా నీకే ఎందుకు వస్తుందో! వాదనలకి కూడా బెల్టులుంటే నీది ఈపాటికి నలుపు.

వసంత: అసలు నన్ను చేర్పించింది ఎవరు?

మురళి: నేను చేర్పించింది పాపని. మూడు నెలల ఫీజు కట్టాక, మోకాళ్లు నొప్పులని అది మానేసింది.

వసంత: డబ్బులు వృథా అవుతాయని ఒకటే ఏడ్చారు. సరే, మిగతా రెండు నెలలూ నేను వెళ్తాను అన్నాను.

మురళి: రెండు నెలలు అన్నావు! పద్నాలుగు నెలలైంది! అక్కడ ఎనిమిదేళ్ల పిల్లాడికి వంగి నమస్కారం పెడుతున్నావు.

వసంత: వాడిది ఆకుపచ్చ బెల్టు. నాకు సీనియర్. మొన్న ఫోన్ చేసి "ఆంటీ, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టుకోండి, వాపు తగ్గుతుంది" అని చెప్పాడు. మీరు మూడు దిండ్లకి లెక్క చెప్తున్నారు.

మురళి: మూడో దిండు నాది.

వసంత: ఇంకా అదేనా! వినండి. ఫునకోషి గిచిన్ అని, ఒకినావాలో బడిపంతులు. 1922లో టోక్యో వెళ్లి కరాటే చూపించాడు. అప్పుడాయన వయసెంతో తెలుసా? యాభై మూడు. ఆ తర్వాతే జపానంతా పాకింది. నాది నలభై మూడు. ఇంకా పదేళ్లుంది.

మురళి: ఆయన ఇంట్లో దోసెలు ఎవరు పోశారట?

వసంత: అది తెలీదు. తడి తువ్వాలు మాత్రం ఎవరూ పడేసి ఉండరు.

మురళి: "కరాటే" అంటే "ఖాళీ చెయ్యి" అని నువ్వే చెప్పావు. మరి నావి చూడు. ఒక చేతిలో అట్లకాడ, ఇంకో చేతిలో ఐసు. ఈ ఇంట్లో ఖాళీ చేతులు ఎవరివో అర్థమవుతోంది.

(వసంతకి నవ్వొస్తుంది. కానీ నవ్వితే ఓడినట్టే కాబట్టి దోసె ముక్క నోట్లో పెట్టుకుంటుంది. దాంతో నవ్వు దానంతటదే పోతుంది. ఇంతలో మురళి ఫోన్ మోగుతుంది.)

మురళి: అమ్మ! చిత్తూరు నుంచి. చూస్తూ ఉండు, మా అమ్మ తీర్పు చెప్తుంది. (ఫోనెత్తి) ఆఁ అమ్మా... ఆఁ, వాపు తగ్గింది... వావిలాకు కాపడం వద్దంట, ఐసే పెట్టమన్నారు... లేదమ్మా, నేను పెడుతున్నాను... అవునమ్మా, నేనే... కరాటే వల్లే! చెప్తే వినదు, నువ్వయినా చెప్పు...

(వసంత చెయ్యి చాస్తుంది: స్పీకర్ పెట్టండి. ఆయన తల అడ్డంగా ఊపుతాడు.)

మురళి: ఎలా అంటే... తిరుగుతూ ఉంటే జారింది... దేని మీదా? ఏదో... గుడ్డ... మామూలు గుడ్డే... తెల్లది... ఆఁ, పెద్దదే...

(గొంతు తగ్గుతుంది. కిటికీ దగ్గరికి నడుస్తాడు. కిటికీ హాల్లోనే ఉంది, పెద్ద దూరం కాదు.)

మురళి: నాదే అమ్మా... ఎప్పుడు?... నేను పుట్టక ముందా?... నాన్న కూడానా?... చెయ్యా?... పుత్తూరు తీసుకెళ్లారా?... ఆఁ... ఆఁ... ఎన్ని కట్లు?... లేదమ్మా, నువ్వెప్పుడూ బావి దగ్గర పడ్డానని కదా చెప్పావు... నాన్న అలా చెప్పమన్నారా?... సరే అమ్మా... సరే... ఆరేస్తాను... ఇప్పుడే.

(ఫోన్ పెట్టేసి, గోడ మీద ఉన్న తండ్రి ఫొటో వైపు చాలాసేపు చూస్తాడు. వసంత అడగదు. అడక్కుండా ఉండటం కూడా ఆవిడకి కొంచెం వచ్చు.)

వసంత: ...పుత్తూరు కట్టా?

మురళి: పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. కట్టు మీద కట్టు. నాన్న ఆ తువ్వాలు మంచం మీంచి కింద పడేశారట.

వసంత: మరి బావి?

మురళి: చుట్టాలకి చెప్పడానికి. నలభై ఎనిమిదేళ్లుగా ఆ బావి మీద నింద ఉంది. పాపం, అందులో నీళ్లు కూడా లేవట.

వసంత: అత్తమ్మకి కరాటే వచ్చా?

మురళి: అప్పటికి రాదు. లేకపోతే నేను పుట్టేవాడిని కాదు.

(ఆవిడ ఈసారి నవ్వేస్తుంది. ఆయన పళ్లెం తీసుకుని వంటింటి వైపు నాలుగడుగులు వేస్తాడు. అంతలో వసంత కట్టు కట్టిన కాలు మళ్లీ గాల్లోకి లేస్తుంది. బొటనవేలు నెమ్మదిగా కదులుతుంది.)

మురళి: మళ్లీ అక్షరాలా? ఐసు పెట్టాక రాసుకోకూడదూ?

వసంత: అ ఆలు అయిపోయాయి. ఇప్పుడు పదాలు.

మురళి: (కళ్లు చిట్లించి) త... గుడి... తి? కాదు... "డ"కి గుడి... తడి.

వసంత: ఆఁ. ఇంకో పదం ఉంది.

మురళి: తు... వ్వ... ఆగు, వత్తు దగ్గర చీలమండ జాగ్రత్త... వ్వా...

(ఆయన మూడో అక్షరం కోసం ఆగడు. పడగ్గదిలోకి చూస్తాడు. కుర్చీ వీపు మీద, ఒక అంచు నేలకి వేలాడుతూ, అది అక్కడే ఉంది. ఒక చేత్తో పళ్లెం, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుని బాల్కనీ వైపు నడుస్తాడు.)

వసంత: క్లిప్పు పెట్టండి! గాలికి పోతుంది!

మురళి: ఓస్!